క్లబ్బు ముందా, ఆఖరి బస్సు ముందా?

మా పిన్ని కొడుకు ఈ ఏడాది కాకినాడలో ఇంజనీరింగ్‌లో చేరాడు. రామచంద్రపురం నుంచి రోజూ బస్సు మీద వెళ్ళొస్తాడు. క్లాసులు మొదలైన రెండో వారంలో ఫోన్ చేసి, "అన్నయ్యా, పదకొండు వాట్సాప్ గ్రూపుల్లో చేరిపోయాను. ఫోన్ ఒకటే మోత. ఏది ఉంచమంటావు, ఏది తీసెయ్యమంటావు?" అన్నాడు. రోబోటిక్స్, కోడింగ్, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం), నాటకాలు, ఫొటోగ్రఫీ, ఇంగ్లిష్‌లో మాట్లాడించే క్లబ్బు, ఫెస్ట్ కమిటీ, షార్ట్ ఫిల్ములు, పక్షులు చూసేవాళ్ళ గుంపు. ఇంకో రెండింటి పేర్లు వాడికే గుర్తులేవు.

ఆ రాత్రి వాడికి చెప్పిన మాటల్నే కాస్త సర్ది రాస్తున్నాను. నేను చదివింది గోదావరికి ఇవతలి ఒడ్డున, వేలమంది పిల్లలుండే ఒక క్యాంపస్‌లో. నాలుగేళ్ళలో ఐదు క్లబ్బుల్లో చేరి, మూడింట్లోంచి బయటికొచ్చాను. ఈ విషయంలో సలహా చెప్పడానికి నాకున్న అర్హత అంతే.

ముందు టైము చూడండి

పోస్టర్ మీద క్లబ్బు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కలిసే టైము కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది. మీకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలే. మన వైపు క్యాంపసుల్లో పిల్లలు రెండు రకాలు: హాస్టల్లో ఉండేవాళ్ళు, ఊళ్ళ నుంచి వచ్చిపోయేవాళ్ళు. కోనసీమ నుంచీ, మెట్ట నుంచీ, ఏటిగట్టు ఊళ్ళ నుంచీ బస్సు పాసుల మీద వచ్చేవాళ్ళు చాలామంది. సాయంత్రం ఆరింటికి మొదలయ్యే క్లబ్బు వీళ్ళకి ఎంత గొప్పదైనా లేనట్టే లెక్క.

మా క్లాసులో సఖినేటిపల్లి కుర్రాడొకడు ఉండేవాడు. పొద్దున్నే పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటి నరసాపురం చేరి, అక్కడ బస్సెక్కి వచ్చేవాడు. వరదల్లో గోదావరి ఎర్రగా మారి పొంగితే పంటు ఆపేసేవారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాల్సిందే. వాడికి క్విజ్ అంటే ప్రాణం. క్విజ్ క్లబ్బేమో ఏడింటికి హాస్టల్ మెస్ పక్క గదిలో. మొదటి నెలలో రెండుసార్లు ఉన్నాడు, రెండుసార్లూ రేవుకి చేరేసరికి పంటు లేక ఎవరింట్లోనో తలదాచుకున్నాడు. మూడోసారి రాలేదు. క్విజ్‌లో వాడికంటే తక్కువ తెలిసిన మేము రాష్ట్రస్థాయి పోటీకి వెళ్ళొచ్చాం.

ఆడపిల్లలకి ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. లేడీస్ హాస్టల్ గేటు పడే టైముకీ, క్లబ్బు కలిసే టైముకీ పొంతన ఉండదు. అందుకే ఏ క్లబ్బులోనైనా చేరేముందు వాళ్ళ కిందటేడు గ్రూపు ఫొటో ఒకటి చూడండి. ఫొటోలో అమ్మాయిలు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ముందు వరసలో బొకే పట్టుకుని నిలబడ్డవాళ్ళు కాకుండా పని చేసినవాళ్ళు ఎంతమంది అని అడగండి. జవాబు కోసం తడుముకుంటే ఆ క్లబ్బు రాత్రిపూట నడిచేదని అర్థం.

ఇక హాజరు సంగతి. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, రుసుము కట్టి గట్టెక్కొచ్చు. 65 కంటే దిగితే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. క్లబ్బు పని మీద వెళ్తే ఓడీ (ఆన్ డ్యూటీ, అంటే క్లాసులో లేకపోయినా హాజరు వెయ్యడం) ఇస్తామంటారు సీనియర్లు. ఆ ఓడీ మీద సంతకం పెట్టే సారెవరో, కిందటేడు ఎంతమందికి నిజంగా కలిపారో కనుక్కోండి. నోటి మాటగా ఇచ్చిన ఓడీ సెమిస్టర్ చివర్లో ఎవరికీ గుర్తుండదు.

ఎన్‌ఎస్‌ఎస్సా, ఎన్‌సీసీయా

వీటి గురించే ఎక్కువమంది అడుగుతారు, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. రెండూ 'సేవ' అనే డబ్బాలో పడేసి, ఏదైనా ఒకటే అనుకుంటారు. 2023 నుంచి వచ్చిన ఆర్23 సిలబస్‌లో మొదటి ఏడాదే ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్), స్కౌట్స్ అండ్ గైడ్స్, సమాజ సేవల్లో ఒకదానికి అర క్రెడిట్ పెట్టారు. దాంతో ఈ గందరగోళం ఇంకా పెరిగింది. అర క్రెడిట్ ఎలాగూ వస్తుంది. ఆ తర్వాత కూడా ఉండాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

ఎన్‌ఎస్‌ఎస్ గాంధీగారి శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైంది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళలో 240 గంటలు పని చెయ్యాలి. దానికి తోడు దత్తత తీసుకున్న ఊళ్ళో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ఎన్‌సీసీ అంతకంటే పాతది, 1948 నాటి చట్టంతో వచ్చింది. ఇది ఖాకీ బట్టలు, బూట్లు, తెల్లవారుజామున పెరేడ్, 'సావధాన్', 'విశ్రామ్'. రెండేళ్ళు ఉండి, పెరేడ్ హాజరు 75 శాతం ఉంటే 'బి' సర్టిఫికెట్ పరీక్ష, మూడో ఏడాది కూడా ఉంటే 'సి' పరీక్ష రాయొచ్చు. మధ్యలో పది రోజుల క్యాంపు తప్పదు.

తేడా ఎక్కడంటే, ఎన్‌సీసీలో మీరు చెయ్యాల్సిన పని ముందే నిర్ణయమై ఉంటుంది. బూటు పాలిష్ సరిగ్గా లేకపోతే లేనట్టే, దానికి సాకు లేదు. ఎన్‌ఎస్‌ఎస్‌లో పని మీరే వెతుక్కోవాలి. మంచి ప్రోగ్రామ్ ఆఫీసర్, అంటే యూనిట్‌ని చూసుకునే సారు, ఉంటే అది అద్భుతంగా నడుస్తుంది. లేకపోతే ఏడాదంతా బ్యానర్ పట్టుకుని ఫొటో దిగి, క్యాంపస్‌లో ఉన్న చోటే మళ్ళీ మళ్ళీ చీపురు పట్టడంతో సరిపోతుంది.

మా ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు గోదావరి వశిష్ఠ పాయ పక్కన ఒక లంకలో (ఏటి మధ్య దీవి లాంటి ఊరు) పెట్టారు. బడిలో పడక. బెంచీలు ఒక మూలకి జరిపి, కొబ్బరాకు చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. పొద్దున కాలువ గట్టు మీద పిచ్చిమొక్కలు కొట్టడం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే. మరుగుదొడ్డి ఉందా, తాగునీరు ఎక్కణ్ణుంచి, వరదొస్తే ఎక్కడికి వెళ్తారు అని పుస్తకంలో రాసుకునేవాళ్ళం. ఒకింట్లో ముసలమ్మ కొబ్బరి పీచు ఒలుస్తూ, తలెత్తకుండానే, "పోయినేడు కూడా రాసుకెళ్ళారు బాబూ. రాసుకెళ్ళినోళ్ళు మళ్ళీ రాలేదు" అంది. మాతో ఉన్న అమ్మాయి పెన్ను మూసేసింది. మేం ఆ ఇంటి వివరాలు రాయలేదు. ఆ పూటంతా ఆవిడ దగ్గర కూర్చుని పీచు ఒలిచాం, చేతులు బొబ్బలెక్కాయి.

అప్పటినుంచి ఎన్‌ఎస్‌ఎస్ గురించి నా ప్రశ్న ఒకటే: ఏటా అదే ఊరికి వెళ్తారా, ఏటికో ఊరు మారుస్తారా? అదే ఊరికి వెళ్ళే యూనిట్ అయితే కళ్ళు మూసుకుని చేరండి. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మూడో హెచ్చరిక వచ్చిందంటే లంకల వాళ్ళ కోసం పునరావాస కేంద్రాలు తెరుస్తారు, పాల ప్యాకెట్లూ భోజనం పొట్లాలూ మోసే చేతులు కావాలి. 2022 జూలై వరదల్లో అది చూశాం. ఊరు తెలిసిన వాలంటీర్లు అప్పుడు పనికొస్తారు, తెలియనివాళ్ళు పడవలో చోటు తినడానికి మాత్రమే. ఇంకో మాట: ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళో, రెడ్ రిబ్బన్ క్లబ్బు వాళ్ళో పెట్టే రక్తదానానికి 18 ఏళ్ళు నిండాలి, బరువు 45 కిలోలు ఉండాలి. మొదటి ఏడాది పిల్లల్లో చాలామందికి ఏళ్ళు నిండవు. సర్టిఫికెట్ కోసం వయసు అబద్ధం చెప్పొద్దు.

ఎన్‌సీసీ ఎవరికంటే, సైన్యం, పోలీసు, ఓడలు, ఇలాంటి వైపు మనసున్నవాళ్ళకి. డిగ్రీలో 50 శాతం మార్కులు, 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు ఉంటే ఆర్మీలో ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా ఎస్‌ఎస్‌బీ (సైన్యం అధికారుల్ని ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది మామూలు లాభం కాదు. కానీ దాని ఖరీదు మూడేళ్ళ పొద్దుటి నిద్ర. డే స్కాలర్లకి పొద్దున ఆరింటి పెరేడ్ అంటే నాలుగింటికి లేవడం. మా సఖినేటిపల్లి వాడు ఎన్‌సీసీ గురించి అడిగినప్పుడు వాళ్ళమ్మ, "పంటువాడిని లేపి మరీ వెళ్తావా ఏంట్రా?" అందట. తర్వాత వాడు నాలుగో ఏడాది హాస్టల్లో చేరాడు గానీ అప్పటికి ఎన్‌సీసీకి టైము మించిపోయింది.

మీరు హాస్టల్లో ఉండి, క్రమశిక్షణ ఎవరైనా నేర్పితే బాగుండునని లోలోపల అనుకునేవారైతే ఎన్‌సీసీ. ఎవరైనా అరిస్తే ఒళ్ళు మండేవారైతే ఎన్‌ఎస్‌ఎస్. రెండూ ఒకేసారి మాత్రం వద్దు, క్యాంపులు రెండూ చేరి సెలవులు మొత్తం తినేస్తాయి.

స్పానర్ ఎవరి చేతిలో ఉంది?

టెక్నికల్ క్లబ్బుల దగ్గర గోల ఎక్కువ. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ) స్టూడెంట్ బ్రాంచ్, ఎస్‌ఏఈ (వాహనాల ఇంజనీర్ల సంస్థ) క్లబ్బు, రోబోటిక్స్, కోడింగ్, అన్నీ మొదటి వారంలోనే డెస్కులు వేసుకు కూర్చుంటాయి. పోల్చుకోవడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఏంటంటే, వాళ్ళ ల్యాబుకి పని జరిగే టైములో, చెప్పకుండా వెళ్ళి చూడటం. సెకండియర్ వాళ్ళ చేతుల్లో స్పానరో, సోల్డరింగ్ ఐరనో ఉందా? లేక నాలుగో ఏడాది ముగ్గురు పని చేస్తుంటే మిగతా పాతికమంది ఫోన్లో వీడియో తీస్తున్నారా?

నేను చేరిన మొదటి టెక్నికల్ క్లబ్బు రెండో రకం. సభ్యత్వం కట్టించుకున్నారు, టీషర్టు ఇచ్చారు, రెండు 'గెస్ట్ లెక్చర్లు' పెట్టారు. పనిముట్లున్న బీరువా తాళం ఒక సీనియర్ దగ్గర ఉండేది, ఆయనేమో ప్లేస్‌మెంట్ల హడావిడిలో ఉండేవాడు. ఏడాది తిరిగేసరికి నేను ఆ క్లబ్బులో నేర్చుకున్నది టీషర్టు ఉతికినప్పుడు రంగు వెలుస్తుందని మాత్రమే.

కారు పిచ్చి ఉన్నవాళ్ళు బాహా అనే పోటీ వైపు చూస్తారు. ఒక్కరు కూర్చునే ఎగుడుదిగుడు రోడ్ల బండిని పిల్లలే తయారుచేసి పోటీకి తీసుకెళ్ళాలి. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. బండి కట్టాలంటే వెల్డింగ్ దగ్గర నుంచి స్పాన్సర్ల దాకా అన్నీ మీరే చూసుకోవాలి. మంచి అనుభవమే, కానీ లక్షల్లో ఖర్చు. డబ్బు ఎవరు పెడుతున్నారో, మీ వాటా ఎంతో ముందే తేల్చుకోండి. ఇంటి దగ్గర రొయ్యల చెరువు దెబ్బతిన్న ఏడాది నాన్నని ముప్పై వేలు అడగడం ఎంత కష్టమో ఆ టీములో ఉన్న నా స్నేహితుడు చెప్పేవాడు.

దానికంటే నాకు నచ్చింది అదే స్నేహితుడు తర్వాత చేరిన ఒక చిన్న గుంపు. ఆరుగురే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఫోన్ మోగే పరికరం చేద్దామనుకున్నారు. చెరువు నీళ్ళలో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తీసుకుంటుంది. అందుకే తెల్లారేముందు మూడు నాలుగు గంటల వేళ ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. ఆ టైములో ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. కాపలావాడు కునుకు తీశాడంటే పంట పోయినట్టే. వీళ్ళు సెన్సార్ ముంచి, రీడింగులు ఫోన్‌కి పంపేలా చేశారు. ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసింది. చెరువులో పెట్టాక నాలుగో రోజుకి లెక్కలన్నీ తప్పులే. తీసి చూస్తే సెన్సార్ మూతికి పచ్చగా నాచు పట్టేసి ఉంది. దానికి మార్గం ఏంటని వారం కొట్టుకుని, చివరికి రోజూ పొద్దున మెత్తటి బ్రష్‌తో తుడిచే బాధ్యత చెరువు కాపలాదారుకే ఇచ్చారు. ఆయన సెన్సార్‌ని 'పిల్ల' అని పిలిచేవాడట. "పిల్ల మూతి కడిగాను బాబూ" అని ఫోన్ చేసేవాడు. పోటీలో మాకేం రాలేదురా అని నవ్వేవాడు నా స్నేహితుడు. ఇప్పుడు అలాంటి పరికరాలు చేసే ఉద్యోగమే చేస్తున్నాడు.

స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి (ఇచ్చిన సమస్యకి టీముగా పరిష్కారం తయారుచేసే దేశస్థాయి పోటీ) వెళ్ళాలనుకుంటే టీములో ఆరుగురు ఉండాలి, కనీసం ఒక అమ్మాయి ఉండాలి. దాని కోసం ఆఖరి రోజు ఎవరో అమ్మాయి పేరు రాసేసుకునే టీములు ఉన్నాయి. అమ్మాయిలకి చెప్పేది: మీ పేరు అడిగినవాళ్ళని, పనిలో మీ వంతు ఏంటో కూడా చెప్పమనండి.

కోడింగ్ క్లబ్బు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వారానికో పోటీ పెట్టి, తర్వాత జవాబులు కలిసి మాట్లాడుకునే చోటయితే వెళ్ళండి. లింకులు పంపడంతో సరిపెట్టేదైతే ఆ లింకులు మీకు ఎలాగూ దొరుకుతాయి.

ఫెస్ట్ కమిటీ వేరే జాతి. ఏడాదిలో రెండు నెలలు కంటి మీద కునుకు ఉండదు, మిగతా పది నెలలు ఏమీ ఉండదు. జనంతో మాట్లాడటం, బేరమాడటం, కోపం దిగమింగుకోవడం ఇక్కడ నేర్చుకున్నంత ఎక్కడా నేర్చుకోలేం. నేను ప్రకటనల కోసం బట్టల షాపులు, స్వీటు షాపులు, కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగాను. ఒక స్వీటు షాపు ఓనరు, "ప్రకటన వద్దు గానీ రెండు కేజీల కాజాలు పట్టుకెళ్ళండి" అన్నాడు. అవే పట్టుకెళ్ళాం. నా బాధల్లా ఏంటంటే, ఆఖర్న లెక్కలు ఎవరూ చూపించలేదు. కుర్చీలు మోసిన నలభై ఏడుగురికీ 'కోఆర్డినేటర్' అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంటర్వ్యూలో దాన్ని చూసిన ఆయన చిన్నగా నవ్వి, పక్కన పెట్టేశాడు. లెక్కలు అందరి ముందూ చదివే కమిటీ అయితే చేరండి, లేకపోతే ప్రేక్షకుడిగా వెళ్ళి పాటలు వినండి.

వేదిక ఎక్కాలనుకునేవాళ్ళకి

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ అంటే టెన్షన్. వాళ్ళకి నలుగురి ముందు మాట్లాడటం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ లాంటి క్లబ్బు నిజంగా పనికొస్తుంది, కారణం దాని పద్ధతి. ఉపన్యాసం ఐదు నుంచి ఏడు నిమిషాలు. ఐదుకి పచ్చ, ఆరుకి పసుపు, ఏడుకి ఎర్ర గుర్తు చూపిస్తారు. ఒకరు టైము చూస్తారు, ఒకరు 'ఆ', 'అంటే', 'సో' అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెడతారు, ఒకరు వ్యాకరణం చూస్తారు. అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాల్సి ఉంటుంది. ఎవరూ ఎగతాళి చెయ్యరు, ఎందుకంటే అందరి వంతూ వస్తుంది. మెంబర్‌షిప్ డాలర్లలో ఉంటుంది, అది మన పిల్లలకి బరువే. అదే పద్ధతిని నలుగురు స్నేహితులు గదిలో పెట్టుకుంటే పైసా ఖర్చు లేదు. లెక్కపెట్టేవాడు మొహమాటపడకూడదు, అంతే.

నాటకం దీనికి పూర్తిగా వేరు. అక్కడ మీరు మీరుగా మాట్లాడక్కర్లేదు, వేరే మనిషిగా మాట్లాడతారు. సిగ్గరులకి నేనైతే నాటకమే చెబుతాను. మన జిల్లాలకి ఈ సంప్రదాయం కొత్త కాదు. ఎస్.వి. రంగారావు సినిమాల్లోకి వెళ్ళకముందు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేషాలు కట్టినవాడే. ఇప్పటికీ పరిషత్తు నాటికలకి జనం వచ్చి కూర్చునే ఊళ్ళు ఉన్నాయి. ఇబ్బంది ఒకటే, రిహార్సళ్ళు. ప్రదర్శన ముందు నెల రోజులు రోజూ సాయంత్రం రెండు గంటలు కావాలి, ఒక్కరు మానేసినా సీను నడవదు. బస్సు పిల్లలున్న డ్రామా క్లబ్బు అయితే రిహార్సల్ మధ్యాహ్నం భోజనాల టైములోకి మార్చుకుంటారు. మార్చుకోమంటే విసుక్కునే క్లబ్బు మీకు సరిపోదు. షార్ట్ ఫిల్ముల గుంపులో చాలామటుకు ఒకడే డైరెక్టరు, మిగతావాళ్ళంతా లైట్లు పట్టుకునేవాళ్ళు. ఫొటోగ్రఫీ కూడా అంతే, కెమెరా ఉన్నవాడిదే క్లబ్బు.

ఆటలు, పక్షులు, జెండాలు

కబడ్డీ, వాలీబాల్ బాగా ఆడేవాళ్ళకి సలహా అక్కర్లేదు, ట్రాక్‌సూట్ వేసుకుని గ్రౌండుకి వాళ్ళే వెళ్తారు. అంతంతమాత్రంగా ఆడేవాళ్ళు మాత్రం ముందే అడగాలి: జట్టులోకి రానివాళ్ళకి రోజూ ఆడే చోటు ఉందా? కబడ్డీలో మ్యాట్ మీద ఏడుగురే ఉంటారు. మిగతావాళ్ళని నాలుగేళ్ళు బెంచీ మీదే కూర్చోబెట్టే జట్టు కంటే, సాయంత్రం నాలుగింటికి ఎవరొస్తే వాళ్ళతో ఆడే వాలీబాల్ కోర్టు మేలు. ఒంటికీ మంచిది, స్నేహాలకీ మంచిది.

ప్రకృతి క్లబ్బులని అందరూ చిన్నచూపు చూస్తారు. నేను చూడను. కాకినాడ పక్కనే కోరింగ మడ అడవులు ఉన్నాయి, నీటిపిల్లులు తిరిగే చోటు అది. ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు ఆసియా అంతటా జరుగుతుంది. బైనాక్యులర్ ఒకటుంటే పదిమంది వంతులవారీగా చూసుకోవచ్చు. ఖర్చు లేదు, పోటీ లేదు, సర్టిఫికెట్ మీద ఎవరికీ ధ్యాస లేదు. అక్కడ కలిసినవాళ్ళతో స్నేహం నిలుస్తుంది, ఎందుకంటే పొద్దున్నే బురదలో కలిసి నడిచినవాళ్ళు. చిక్కల్లా సంక్రాంతి. జనవరి రెండో వారంలో క్యాంపస్ ఖాళీ, అందరూ ఊళ్ళలో కోళ్ళ పందాల దగ్గర. లెక్కింపు తేదీ పండక్కి ముందా, తర్వాతా అని కనుక్కోండి.

విద్యార్థి సంఘాలు కూడా మొదటి వారంలోనే మీ దగ్గరికి వస్తాయి. ఏఐఎస్ఎఫ్ 1936 నాటిది, ఏబీవీపీ 1949, ఎస్ఎఫ్ఐ 1970. వాటిలో ఏది మంచిదో నేను చెప్పను. హాస్టల్ ఫీజు, మెస్ తిండి, బస్సు పాస్ లాంటి వాటి మీద పని జరగాలంటే ఎవరో ఒకరు దరఖాస్తు పట్టుకుని వెళ్ళాలి, అది వీళ్ళే చేస్తారు. ఆ పని మీకు నచ్చితే వెళ్ళండి. మొదటి సెమిస్టర్లోనే సభ్యత్వం రాయించుకోవాలని తొందరపెట్టే చోట మాత్రం ఆగండి. రెండు మీటింగులు వెనక వరసలో కూర్చుని వినండి, కాగితం మీద సంతకం తర్వాత పెట్టొచ్చు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. క్లబ్బు 'ఇంటర్వ్యూ' పేరుతో రాత్రిపూట గదికి పిలిచి పాడించడం, గుంజీళ్ళు తీయించడం ర్యాగింగే. దానికి క్లబ్బు పేరు పెట్టినంత మాత్రాన వేరే పేరు రాదు. మన రాష్ట్రంలో 1997 నుంచే దాని మీద చట్టం ఉంది. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఆ నంబరు ఫోన్లో సేవ్ చేసుకుని, మర్చిపోండి.

అసలే క్లబ్బులోనూ చేరకపోతే? ఏమీ కొంపలు మునగవు. కార్తీకంలో కొబ్బరితోటలో క్లాసంతా వనభోజనాలకి వెళ్ళిన రోజు, పరీక్ష ముందు రాత్రి మెస్‌లో పెసరట్టు తింటూ మొత్తం సిలబస్ ఒకరికొకరు చెప్పుకున్న రోజు, ఇవి ఏ క్లబ్బూ పెట్టింది కాదు. క్లబ్బులో లేనివాడు ఒంటరివాడు కాదు. ఒంటరిగా అనిపిస్తే మాత్రం క్లబ్బు ఒక దారి. అలాంటప్పుడు పెద్ద క్లబ్బు కాకుండా పదిమంది ఉండే చిన్నదాన్ని చూసుకోండి, ఒకరోజు రాకపోతే "ఏరా, రాలేదేం?" అని అడిగేవాళ్ళు అక్కడే ఉంటారు.

మా తమ్ముడు ఆ వారమే తొమ్మిది గ్రూపుల్లోంచి బయటికొచ్చేశాడు. ఎన్‌ఎస్‌ఎస్ ఉంచుకున్నాడు, వాళ్ళ యూనిట్ మూడేళ్ళుగా ఒకే ఊరికి వెళ్తోందట. పక్షుల గుంపు ఉంచుకున్నాడు. దాంతో మళ్ళీ ఫోన్.

"అన్నయ్యా, ఆదివారం పొద్దున ఐదున్నరకి కోరింగ దగ్గర ఉండమన్నారు. ఇక్కణ్ణుంచి ఆ టైముకి బస్సు లేదు."

"శనివారం రాత్రి హాస్టల్లో ఎవరి గదిలోనైనా పడుకో. వార్డెన్‌కి చెప్పి."

"ఎవరి గదిలో? నాకెవరూ తెలీదు."

"గ్రూపులో అడుగు."

ఓ గంట తర్వాత మెసేజ్ పెట్టాడు. చోటు దొరికిందట. దోమతెర మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారట.